జంటలతో తేలని లెక్క: గుంపు బంధాలను పట్టుకునే నెట్‌వర్క్ గణితం

కోల్‌కతా నైరుతి భాగంలోని ఏక్‌బాల్‌పూర్ నుంచి విజయవాడ రావాలంటే ముందుగా హౌరా స్టేషన్‌కు చేరాలి. అక్కడ ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది ఖరగ్‌పూర్, భువనేశ్వర్, విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వెళుతుంది. ఏక్‌బాల్‌పూర్‌కు దగ్గర్లోనే, గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ దారి వెంట ఉద్యోగాల కోసం వెళ్లి ఖరగ్‌పూర్ వంటి చోట్ల స్థిరపడ్డాయి. వారికి బాగా అలవాటైన ఈ ప్రయాణాన్ని గణితంలో ఎలా రాయాలి? రైలు కలిపేది రెండు ఊళ్లనా, లేక తాను ఆగే ఊళ్లన్నింటినీ ఒకేసారా?

చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నపై గత కొన్నేళ్లుగా భౌతిక శాస్త్రవేత్తలు, గణిత శాస్త్రవేత్తలు గట్టిగా పనిచేస్తున్నారు. దానికి ఇచ్చే జవాబును బట్టి వ్యాధుల వ్యాప్తి, మెదడు పనితీరు, రవాణా అంతరాయాల గురించి వేసే అంచనాలు మారిపోతాయి. కొన్నిసార్లు ఫలితం తలకిందులవుతుంది కూడా.

చుక్కలు, గీతలు

నెట్‌వర్క్ శాస్త్రానికి పునాది చాలా సరళమైనది. వస్తువులను చుక్కలుగా, వాటి మధ్య సంబంధాలను గీతలుగా గీస్తారు. చుక్కను నోడ్ అని, గీతను లింక్ అని అంటారు. 1736లో లియొనార్డ్ ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల చిక్కుముడిని ఈ పద్ధతిలోనే విప్పాడు. 1998లో డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ ‘చిన్న ప్రపంచం’ నమూనాను ప్రతిపాదించారు. ఎంత పెద్ద నెట్‌వర్క్‌లోనైనా కొన్ని దూరపు లింకులు ఉంటే చాలు, ఒక చుక్క నుంచి మరో చుక్కకు కొద్ది అంగల్లోనే చేరుకోవచ్చని వారు చూపించారు. మరుసటి ఏడాది ఆల్బర్ట్ లాస్లో బరబాసి, రేకా ఆల్బర్ట్ చేసిన పని, కొన్ని చుక్కలకే అసాధారణ సంఖ్యలో లింకులు ఎలా ఏర్పడతాయో వివరించింది.

ఈ ఊపులోనే కోల్‌కతా శాస్త్రవేత్తలు భారతీయ రైల్వేల వైపు చూశారు. పరొంగమా సేన్, సుబినయ్ దాస్‌గుప్తా, ఎస్.ఎస్. మన్నా తదితరుల అధ్యయనం 2003లో ఫిజికల్ రివ్యూ ఈ పత్రికలో వచ్చింది. 587 స్టేషన్లను, వాటి మధ్య తిరిగే 579 రైళ్లను వారు లెక్కలోకి తీసుకున్నారు. ఏ రెండు స్టేషన్లలోనైనా ఆగే రైలు కనీసం ఒక్కటి ఉంటే ఆ రెండింటి మధ్య ఒక గీత గీశారు. పట్టాలు పక్కపక్కన ఉన్నాయా లేదా అన్నది వారికి ముఖ్యం కాదు. ప్రయాణికుడు రైలు మారకుండా వెళ్లగలడా అన్నదే ముఖ్యం. ఆ లెక్కన ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు సగటు దూరం 2.16 అంగలు మాత్రమేనని తేలింది. అంటే ఇంత పెద్ద దేశంలో కూడా సగటున రెండు రైళ్లకు కాస్త ఎక్కువగా ఎక్కితే గమ్యం చేరిపోవచ్చు. మన రైల్వే కూడా ఒక ‘చిన్న ప్రపంచమే’ అన్నమాట.

రైలు ఒక గీత కాదు

ఈ అధ్యయనం అడిగిన ప్రశ్నకు ఆ పటం చక్కగా సరిపోయింది. అయితే అదే పటాన్ని ఇంకో ప్రశ్నకు వాడితే ఏమవుతుందో చూద్దాం.

ఒక రైలు 25 స్టేషన్లలో ఆగుతుందనుకుందాం. వాటిలో ఏ రెండింటినైనా జత చేస్తే 300 జతలు వస్తాయి. ఒక్క రైలు పటం మీద 300 గీతలు గీసేస్తుంది. గీశాక అవన్నీ వేటికవే స్వతంత్రంగా ఉన్నట్లు కనిపిస్తాయి. నిజానికి ఆ 300 గీతలకూ ఆధారం ఒకటే. రైలు రద్దయితే వాటన్నింటికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. అదే జతలను మరో రైలు కూడా కలుపుతుంటే పటంలో ఒక్క గీత కూడా చెరగదు. సీట్లు సగానికి తగ్గినా పటం మాత్రం అంతా బాగానే ఉందని చెబుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. మీ స్నేహితులిద్దరు ఒకరికొకరు కూడా స్నేహితులయ్యే అవకాశం ఎంత అన్నదాన్ని నెట్‌వర్క్ శాస్త్రంలో గుచ్ఛ గుణకంతో కొలుస్తారు. రైల్వే పటంలో ఇది 0.69 దాకా వచ్చింది. ఇది చాలా ఎక్కువ. కానీ ఒక రైలు ఆగే స్టేషన్లన్నీ ఒకదానితో ఒకటి గీతలతో ముడిపడతాయి కాబట్టి, ప్రతి రైలూ ఎన్నో త్రిభుజాలను దానంతట అదే పుట్టిస్తుంది. అందువల్ల ఆ 0.69లో గణనీయమైన భాగం పటం గీసిన పద్ధతి నుంచే వస్తుంది.

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్, బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్, ఒక గూడ్సు రైలు ఘోర ప్రమాదానికి గురయ్యాయి. 290 మందికి పైగా మరణించారు. ఆ స్టేషన్ గార్డెన్ రీచ్ నుంచి నడిచే ఆగ్నేయ రైల్వే పరిధిలోనిదే. ఆ మార్గంలో రాకపోకలు మళ్లీ మొదలవడానికి రెండు రోజులకు పైగా పట్టింది. పట్టాల పటంలో చూస్తే తెగింది పక్కపక్క స్టేషన్ల మధ్య ఉన్న ఒక్క ముక్కే. కానీ ఆ ముక్క మీదుగా వెళ్లే రైళ్లెన్నో రద్దయ్యాయి, దారి మళ్లాయి. వందల కిలోమీటర్ల దూరంలోని ఊళ్లు కూడా కట్టలు కట్టలుగా ఒకేసారి ఇబ్బందిలో పడ్డాయి. నష్టం జరిగింది గుంపుల స్థాయిలో. దాన్ని కొలవాలన్నా గుంపులనే లెక్కపెట్టాలి.

మెట్ల దీపం చెప్పే పాఠం

గుంపు బంధాన్ని జతలుగా విడగొడితే సమాచారం కొంత తగ్గుతుందని రైలు ఉదాహరణ చెబుతోంది. కొన్నిసార్లు పూర్తిగా మాయమవుతుంది కూడా. దాన్ని చూడటానికి ఇంట్లో మెట్ల దగ్గరి దీపం చాలు.

మెట్ల కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి. రెండూ కిందికి ఉంటే దీపం వెలగదు. ఏదో ఒకటి మాత్రమే పైకి ఉంటే వెలుగుతుంది. రెండూ పైకి ఉంటే మళ్లీ ఆరిపోతుంది. మొత్తం నాలుగు స్థితులు. ఇప్పుడు కింది స్విచ్‌ను, దీపాన్ని మాత్రమే గమనించే వ్యక్తిని ఊహించండి. స్విచ్ పైకి ఉన్నప్పుడు దీపం సగం సార్లు వెలుగుతుంది, సగం సార్లు వెలగదు. కిందికి ఉన్నప్పుడూ అంతే. ఈ స్విచ్‌కు, దీపానికి ఏ సంబంధమూ లేదని అతను తేల్చేస్తాడు. పై స్విచ్‌ను గమనించేవారూ అదే అంటారు. రెండు స్విచ్‌లను కలిపి చూసినా వాటి మధ్య సంబంధం కనిపించదు. జతల పటంలో ఒక్క గీత కూడా ఉండదు. కానీ మూడింటినీ కలిపి చూస్తే, రెండు స్విచ్‌ల స్థితి తెలిసిన వెంటనే దీపం సంగతి కచ్చితంగా చెప్పేయవచ్చు. సంబంధమంతా త్రయంలోనే ఉంది.

ఈ నాలుగు వరుసల పట్టికకు కోల్‌కతాతోనూ, తెలుగువారితోనూ అనుబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు 1940లలో ‘ఆర్తోగొనల్ అర్రే’లు అనే పట్టికలను ప్రవేశపెట్టారు. ఎరువు, నీరు, విత్తనం వంటి అనేక అంశాల ప్రభావాన్ని తక్కువ ప్రయోగాలతో తెలుసుకోవడానికి అవి దారి చూపాయి. తర్వాతి కాలంలో జపాన్ ఇంజినీరు గెనిచి తగుచి పద్ధతుల ద్వారా అవి కర్మాగారాల్లో నాణ్యతా పరీక్షల దాకా వెళ్లాయి. మెట్ల దీపం పట్టిక అలాంటి వాటిలో అతి చిన్నది. దాని ‘బలం’ రెండు. అంటే ఏ రెండు నిలువు వరుసలను తీసుకున్నా అన్ని కలయికలూ సమానంగా ఉంటాయి. మూడింటిని తీసుకుంటే మాత్రం ఎనిమిదింటిలో నాలుగే కనిపిస్తాయి. ప్రయోగాలు రూపొందించే గణాంక శాస్త్రవేత్తలకు రెండు అంశాల పరస్పర ప్రభావం వేరు, మూడు అంశాల పరస్పర ప్రభావం వేరు అన్నది ఎప్పటి నుంచో తెలుసు. నెట్‌వర్క్ శాస్త్రం ఆ తేడాను తన చుక్కల పటంలోకి తెచ్చుకుంటోంది.

గుంపును గుంపుగా రాయడం

ఇందుకు వాడే ప్రధాన సాధనం హైపర్‌గ్రాఫ్. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త క్లాద్ బెర్జ్ 1970లో తెచ్చిన పుస్తకం దీన్ని ఒక పూర్తి శాఖగా నిలబెట్టింది. మామూలు పటంలో గీతకు రెండే కొసలుంటాయి. హైపర్‌గ్రాఫ్‌లో గీత బదులు ఒక సంచి ఉంటుందనుకోవచ్చు. అందులో రెండు చుక్కలుండవచ్చు, మూడు ఉండవచ్చు, పాతిక ఉండవచ్చు. ఒక రైలుకు ఒక సంచి, ఒక తరగతి గదికి ఒక సంచి, ఒక పరిశోధన పత్రం రాసిన బృందానికి ఒక సంచి.

రెండో సాధనం సింప్లీషియల్ కాంప్లెక్స్. ఇందులో ఒక అదనపు నియమం ఉంది. ఒక గుంపు ఉంటే, అందులోని ప్రతి చిన్న గుంపు కూడా ఉన్నట్లే లెక్క. రైలుకు ఇది సరిపోతుంది. పాతిక స్టేషన్లను కలిపే రైలు వాటిలో ఏ మూడింటినైనా, ఏ రెండింటినైనా కలిపినట్లే. కానీ అన్ని సంబంధాలూ అలా ఉండవు. ముగ్గురూ సంతకం పెడితేనే డబ్బు తీయగలిగే సంఘం ఖాతాలో ఏ ఇద్దరి సంతకాలూ చెల్లవు. దానికి హైపర్‌గ్రాఫే తగినది. ఏ సాధనం వాడాలన్నది లెక్క కన్నా ముందు తేలాల్సిన విషయం.

ఈ తేడా నిజమైన సమాచారంలో ఎంత ముఖ్యమో 2018లో ఆస్టిన్ బెన్సన్, జాన్ క్లైన్‌బర్గ్ తదితరులు చూపించారు. పరిశోధన పత్రాలు, ఈమెయిళ్లు, మందుల కలయికల వంటి రంగాల నుంచి 19 సమాచార సమూహాలను వారు పరిశీలించారు. ముగ్గురు రచయితలు కలిసి ఒకే పత్రం రాసినా, వారిలో ఇద్దరిద్దరు చొప్పున మూడు వేర్వేరు పత్రాలు రాసినా జతల పటంలో అదే త్రిభుజం పడుతుంది. అసలు సంగతి మాత్రం వేరు. ఈ రెండు రకాల త్రిభుజాల నిష్పత్తి రంగానికో తీరుగా ఉందని వారు గుర్తించారు.

ఒక వీధి, రెండు వ్యూహాలు

పటం మారితే నిర్ణయం ఎలా మారుతుందో ఒక ఊహా ప్రయోగంతో చూద్దాం. వర్షాకాలం తర్వాత డెంగీ కోల్‌కతాను ఏటా భయపెడుతుంది. ఆ దోమ పెరిగేది ఇళ్లలో, ఇళ్ల చుట్టూ నిలిచే మంచినీటిలో. నిలవ నీటిపై మూత పెట్టే అలవాటును ఏక్‌బాల్‌పూర్ వంటి ఇరుకు వీధుల పేటలో వ్యాపింపజేయాలనుకుందాం.

పక్కింటావిడ ఒక్కరే చెబితే చాలామంది విని ఊరుకుంటారు. కుళాయి దగ్గర ఇద్దరు కలిసి అదే మాట అంటే, ‘అందరూ చేస్తున్నట్లున్నారు, మనమూ చేద్దాం’ అనిపిస్తుంది. ఇద్దరు విడివిడిగా చెప్పడం కన్నా ఒకేచోట కలిసి చెప్పడానికి బరువు ఎక్కువ. ఈ అదనపు బరువే త్రయ ప్రభావం. 2019లో ఇయాకొపో ఇయాకోపిని, జొవాన్ని పేత్రి, అలెన్ బర్రా, వీటో లటోరా నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఇలాంటి సామాజిక వ్యాప్తికి ఒక గణిత నమూనా ఇచ్చారు.

ఆ నమూనా సరళ రూపంలో అంకెలు వేద్దాం. అలవాటును మానేసే వేగం 1 అనుకుందాం. జతల ద్వారా వ్యాపించే బలం 0.8. అంటే అలవాటు ఉన్న ఒక్కొక్కరు, తాము మానేసేలోపు సగటున 0.8 మందినే మార్చగలరు. ఒకరి స్థానంలో ఒకరు కూడా రావడం లేదు కాబట్టి జతల లెక్క ప్రకారం ఈ అలవాటు ఎప్పటికైనా చల్లారిపోవాల్సిందే. ఎంతమందితో మొదలుపెట్టినా ఫలితం ఒకటే.

ఇప్పుడు త్రయ ప్రభావాన్ని 2.5 బలంతో చేర్చితే సమీకరణం వేరే జవాబు చెబుతుంది. ఆరంభంలో సుమారు 15 శాతం కన్నా తక్కువ మందికి అలవాటు ఉంటే అది చల్లారిపోతుంది. 15 శాతం దాటితే దానంతట అదే పెరిగి, దాదాపు 53 శాతం దగ్గర నిలుస్తుంది. ఒకే వీధి, అదే మనుషులు. మొదలుపెట్టిన తీరును బట్టి రెండు భవిష్యత్తులు.

ఆరోగ్య కార్యకర్తల దగ్గర 50 మందిని ఒప్పించేంత సమయమే ఉందనుకుందాం. పది వీధులు, వీధికి వంద మంది. వీధికి ఐదుగురి చొప్పున పంచితే ప్రతిచోటా 5 శాతమే. అన్ని వీధుల్లోనూ ప్రయత్నం ఆగిపోతుంది. అదే రెండు వీధుల్లో 25 మంది చొప్పున ఒప్పిస్తే రెండూ 15 శాతం గడప దాటుతాయి. ఆ రెండు వీధుల్లో కలిపి వంద మందికి పైగా అలవాటు నిలుస్తుంది. అందరికీ కొంచెం కొంచెం పంచడం న్యాయంగా కనిపించినా, గుంపు ప్రభావం బలంగా ఉన్నచోట అది ఫలితం ఇవ్వదు. జతల పటం మాత్రమే చేతిలో ఉన్న అధికారికి ఈ గడప అసలు కనిపించదు.

ఇది ఊహా లెక్క. వీధుల మధ్య రాకపోకలు లేవనీ, వీధిలో అందరూ అందరితో సమానంగా కలుస్తారనీ ఇందులో అనుకున్నాం. 0.8, 2.5 అనేవి ఏ వీధిలోనూ కొలిచినవి కావు. అయితే గడప ఉండటం, దాని రెండు వైపులా వేర్వేరు గమ్యాలు ఉండటం మాత్రం ఈ అంకెల మీద ఆధారపడిన విచిత్రం కాదు. త్రయ ప్రభావం తగినంత బలంగా ఉన్నప్పుడు కనిపించే సాధారణ లక్షణమే. ఇయాకోపిని బృందం ఒక కార్యాలయం, ఒక సదస్సు, ఒక ఆసుపత్రి, ఒక ఉన్నత పాఠశాలలో మనుషులు ముఖాముఖి కలిసిన సమాచారం ఆధారంగా కట్టిన నెట్‌వర్క్‌లలోనూ ఈ ప్రవర్తనను చూసింది.

హఠాత్తుగా వచ్చే మార్పులు

మెల్లగా పెరగాల్సినది ఒక్కసారిగా దూకడం, దూకాక వెనక్కి రావడానికి మొండికేయడం గుంపు బంధాలున్న వ్యవస్థల్లో తరచూ కనిపిస్తుంది. మిణుగురులు ఒకే లయలో మెరవడం, గుండె కణాలు కలిసి కొట్టుకోవడం వంటి సమకాలీకరణకు ఇది వర్తిస్తుంది. లయబద్ధమైన కణాలు మూడేసి చొప్పున ప్రభావితం చేసుకుంటే, వాటి మధ్య ఉన్న లయ క్రమంగా కాకుండా ఒక్కసారిగా చెదిరిపోవచ్చని 2019లో పర్ సెబాస్టియన్ స్కార్డల్, అలెక్స్ అరెనాస్ చూపించారు.

ఈ రంగంలో భారతీయ పరిశోధన చురుగ్గా సాగుతోంది. కోల్‌కతా భారతీయ గణాంక సంస్థకు చెందిన దిబాకర్ ఘోష్, సౌమెన్ మజీ, మత్యాజ్ పెర్స్‌లతో కలిసి 2022లో ఇలాంటి నెట్‌వర్క్‌ల గతిశీలతపై విస్తృత సమీక్ష రాశారు. ఐసర్ కోల్‌కతాలో అనిర్బన్ బెనర్జీ హైపర్‌గ్రాఫ్‌లను మాత్రికలుగా రాసి, వాటి ఐగెన్ విలువల నుంచి నిర్మాణాన్ని చదివే గణితంపై పనిచేశారు. ఐఐటీ ఇండోర్‌లో సరికా జలాన్ బృందం త్రయ ప్రభావాలున్న వ్యవస్థల్లో లయ హఠాత్తుగా తెగిపోవడాన్ని అధ్యయనం చేసింది.

గుంపు బంధాలు ఎప్పుడూ ముప్పు తెచ్చేవే కావు. జాతుల సంఖ్య, వాటి మధ్య సంబంధాలు పెరిగేకొద్దీ జీవావరణం అస్థిరమవుతుందని 1972లో రాబర్ట్ మే గణితంతో చూపించాడు. మరి అడవుల్లో ఇన్ని జాతులు ఎలా కలిసి బతుకుతున్నాయి? రెండు మొక్కల పోటీని మూడో మొక్క ప్రభావితం చేసే అవకాశాన్ని లెక్కలో చేర్చితే, పోటీ ఉన్నా జాతులన్నీ స్థిరంగా కొనసాగగలవని 2017లో జాకొపో గ్రిల్లి, స్టెఫానో అలెసినా తదితరులు నేచర్ పత్రికలో చూపించారు.

ఖర్చు కూడా ఉంది

ఇంత ప్రయోజనం ఉంటే అన్నిచోట్లా హైపర్‌గ్రాఫ్‌లే వాడవచ్చు కదా? అంకెలు చూస్తే ఇబ్బంది అర్థమవుతుంది. 20 మందిలో జతలు 190. త్రయాలు 1,140. ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉండగల గుంపులన్నీ కలిపితే 10,48,555. రైల్వే అధ్యయనంలోని 587 స్టేషన్లలో జతలు 1,71,991 ఉంటే, త్రయాలు 3 కోట్ల 35 లక్షలు దాటుతాయి. అన్నింటినీ పరిశీలించడం కంప్యూటర్లకు కూడా భారమే.

సమాచారం దొరకడం ఇంకా కష్టం. చాలా సందర్భాల్లో జతల వివరాలే నమోదవుతాయి. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో తెలుస్తుంది కానీ, ముగ్గురు ఎక్కడ కలిసి కూర్చున్నారో తెలియదు. మెదడు అధ్యయనాల్లోనూ రెండేసి భాగాల మధ్య పోలికలే ఎక్కువగా కొలుస్తూ వచ్చారు. జతల నుంచి గుంపులను ఊహించి కట్టుకుంటే, లేని గుంపులను సృష్టించే ప్రమాదం ఉంది. మెట్ల దీపం లాంటి చోట్ల ఉన్న గుంపు ఎంత వెతికినా దొరకదు.

అందుకే ఈ రంగంలో పనిచేసేవారు పాత పటాన్ని పక్కన పెట్టేయమని అనడం లేదు. రైలు మారకుండా ఎక్కడికి వెళ్లవచ్చో తెలియాలంటే 2003 నాటి పటమే చాలు. ఒక రైలు రద్దయితే ఎన్ని ఊళ్లు ఒకేసారి ఇబ్బంది పడతాయో తెలియాలంటే రైళ్లను సంచులుగా రాసుకోవాలి. 50 మందిని పది వీధుల్లో ఒప్పించాలా, రెండు వీధుల్లోనా అని తేల్చాలంటే, ఆ వీధుల్లో మనుషులు ఎక్కడెక్కడ గుంపుగా కలుస్తారో ముందు తెలుసుకోవాలి. కుళాయి దగ్గరా, టీ దుకాణం దగ్గరా, బడి గేటు దగ్గరా? ఆ సమాచారం ఏ ఫోన్ రికార్డులోనూ ఉండదు. వీధిలో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు మాత్రం బాగా తెలుసు.